విందాద్ పేరిట వెలిగిన నిప్పు

మా విందాద్ తిరిగి వచ్చిన రోజు నేను పెరట్లో కూర్చుని అక్రోటు కాయల పచ్చి తొక్క ఒలుస్తున్నాను. ఆ తొక్క పసరు అంటితే వేళ్ళు నల్లబడతాయి, ఎంత తోమినా చాలా రోజుల దాకా వదలదు. గుమ్మంలో కంచరగాడిద ఆగిన చప్పుడు విని తలెత్తాను. ముందు చేతులు కడుక్కోవాలా, ముందు వాడి దగ్గరికి వెళ్ళాలా అని అక్కడే నిలబడి ఆలోచించాను. ఆ రోజు తలుచుకుంటే నాకు మొదట కనపడేవి నా నల్లటి వేళ్ళే. వాడి ముఖం తర్వాత కనపడుతుంది.

వాణ్ణి తీసుకొచ్చిన సైనికుడు గుమ్మం దగ్గర దింపి, ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా వెనక్కి మళ్ళాడు. విందాద్ తలకు చుట్టిన గుడ్డ కుడివైపు అట్టలా ఎండిపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళతో తడిపి విప్పాను. కుడి చెవి లేదు. ఉండాల్సిన చోట ఒక చిన్న రంధ్రం, దాని చుట్టూ పొరలు కడుతున్న చర్మం. కోసినవాడు పని తెలిసినవాడే. శుభ్రంగా కోశాడు.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదమ్మా. మొదట్లో ఉండేది."

"వినపడుతోందా?"

"వినపడుతోంది. గాలి వీస్తే మాత్రం ఎవరో ఈల వేసినట్టుంటుంది."

మా అత్త గోడవార మంచం మీద నుంచి, "తలకాయతో వచ్చాడు, అది చాలు. చెవిదేముంది? నాకు రెండూ ఉండి ఏం లాభం, ఎవరి మాటా వినపడి చావదు" అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని ఆవిడా అనలేదు.

వాడు వసంతంలో వెళ్ళాడు, ఇరాన్‌కు రాజు కావడానికి. అక్రోటు కోతకల్లా వచ్చేశాడు.

విందాద్ నా కడుపున పుట్టినవాడు కాదు. నా బిడ్డ పురిట్లోనే పోయి, పాలు నిలవక నేను అవస్థ పడుతున్న రోజుల్లో ఇస్తఖ్ర్ నగరం నుంచి వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. రాజుల పిల్లల్ని ఇలా మంచి ఇళ్ళల్లో పెంచడానికి ఇవ్వడం మా పార్స్‌లో కొత్తేమీ కాదు. "బుర్జక్‌గారి ఇంట్లో అబద్ధం వినపడదట, ఆ ఇంటి పాలు తాగనివ్వండి" అన్నారట పైవాళ్ళు. బుర్జక్ మా ఆయన. వాడి తండ్రికి రాణులూ బిడ్డలూ ఎందరో. మొదట్లో కొత్త ఏటి పండక్కి వాడికో పట్టు అంగీ వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది. మేమూ మరిచిపోయాం. వాడు మేకల్ని కాశాడు, తోటకు నీళ్ళు కట్టాడు, గడ్డం వచ్చేసరికి మా ఆయన కంటే బాగా దానిమ్మ కొమ్మలు కత్తిరించేవాడు.

రాజధానిలో రాజులు మారుతున్నారని వింటూనే ఉన్నాం. ఒకణ్ణి చంపి ఒకడు, వాణ్ణి చంపి ఇంకొకడు. చలికాలం వెళ్ళేసరికి ఆ వంశంలో మగవాడంటూ మిగల్లేదన్నారు. అప్పుడు ఎవరికో మా ఇల్లు గుర్తొచ్చింది.

వచ్చినవాళ్ళు పెరట్లోనే వాడి బట్టలు విప్పించి చూశారు. గోళ్ళు, పళ్ళు, కంటిపాపలు, అరికాళ్ళు. ఒంట్లో లోపం ఉన్నవాడి మీద ఫర్ర నిలవదు. రాజును రాజుగా నిలబెట్టే దైవతేజం అది. దేవుడు ఓర్మజ్ద్ ఇవ్వాలే గాని మనిషి పట్టుకుంటే దొరికేది కాదు. అది సరస్సులో దాగితే, శత్రుదేశం తురాన్ రాజొకడు దాని కోసం నీళ్ళలోకి మళ్ళీ మళ్ళీ దూకినా చేతికి నీళ్ళే తగిలాయని చిన్నప్పుడే విన్నాం.

"గుర్రాన్ని కొనేటప్పుడు కూడా ఇంత వెతకరు నాయనా. పేడ కూడా చూస్తారా?" అంది మా అత్త.

వాళ్ళ పెద్ద ఆ మాట పట్టించుకోలేదు. "ముఖం చూస్తే తెలియడం లేదూ? ఫర్ర దిగే ఉంది" అన్నాడు. నేనూ చూశాను. అప్పుడే నీళ్ళు కట్టి వచ్చాడు, ముఖం చెమటతో మెరుస్తోంది. వాళ్ళు చూస్తున్నదీ నేను చూస్తున్నదీ ఒకటేనా అనిపించింది. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు చెబుతున్నారు. నాకు నాలుగు ప్రార్థనలు తప్ప ఏం వచ్చు? వాడికి ప్రార్థనకు కట్టుకునే నడుంతాడు కొత్తది కట్టి పంపాను.

తిరిగి వచ్చాక వాడు అడిగిందానికి జవాబు చెప్పేవాడు, తనంతట తాను ఏమీ చెప్పేవాడు కాదు. పొద్దున్నే లేచి మేకలకు గడ్డి వేసేవాడు. పెట్టింది తినేవాడు. ఒకరోజు తలకు నూనె రాస్తూ అడిగాను.

"కిరీటం బరువుగా ఉంటుందా?"

"తల మీద పెట్టరమ్మా. అది మోయలేం. పైకప్పు నుంచి గొలుసుతో వేలాడదీస్తారు. దాని కింద తల పెట్టి కూర్చోవాలి. కదలకూడదు. నాకు నేర్పింది అదొక్కటే."

"అలా కూర్చున్నప్పుడు ఒంట్లో ఏమైనా తెలిసిందా? ఏదైనా దిగినట్టు?"

కాసేపు ఆలోచించాడు. నన్ను నిరాశపరచకూడదని అనుకున్నట్టున్నాడు.

"కాళ్ళు చల్లబడ్డాయి. కింద రాయి కదా."

"మరి ఇది ఎలా చేశారు?"

"మర్యాదగానే చేశారు. ఇంకో దండనాయకుడికి ఇంకో కుర్రాడు దొరికాడు, నాకు అన్న వరస అవుతాడట. నన్ను చంపుదామని కొందరు, అక్కర్లేదని కొందరు. చెవి తీస్తే చాలు, ఇక రాజు కాలేడు అన్నారు. ముందు నన్ను కిరీటం కింద నుంచి లేవమన్నారు. పక్క గదిలోకి తీసుకెళ్ళి కోశారు. గద్దె మీదున్న రాజు ఒంటి మీద కత్తి పెట్టకూడదు కదా."

నూనె రాయడం పూర్తి చేశాను. వాడు లేచి మేకల దగ్గరికి వెళ్ళాడు. నాకు ఏడుపు రావాలి. కూర్చుని ఎదురుచూశాను. రాలేదు. అక్రోటు కాయలు ఇంకా రెండు బుట్టలు మిగిలాయి, వాటి పని చూసుకున్నాను.

ఆ పని ఇంకా అవకముందే నిప్పు వచ్చింది.

దాన్ని తెచ్చినవాడు యువ పూజారి, పేరు ఆదుర్మాహ్. కనుబొమలు సగం కాలిపోయి, ముక్కుకూ నోటికీ కట్టుకున్న తెల్లగుడ్డ మసిబారి ఉంది. కంచరగాడిద మీద పెద్ద బుట్ట, బుట్టలో కంచు పాత్ర, దాని మీద ఎండ పడకుండా దళసరి కంబళి. గుడి పీఠం మీది నిప్పును సూర్యుడు చూడకూడదు. కొండదారి పొడుగునా అతను నీడలు వెతుక్కుంటూ వచ్చాడట.

"ఇది విందాద్ రాజుగారి ఇల్లేనా అమ్మా?"

"రాజుగారు మేకల పేడ ఎత్తుతున్నారు. ఏం పని?" అంది మా అత్త.

"ఆయన నిప్పు తెచ్చాను."

మా ఆయన తోటలోంచి వచ్చి విషయం అడిగాడు. గద్దె ఎక్కిన ప్రతి రాజు పేరిట ఒక నిప్పు వెలిగిస్తారని మాకూ తెలుసు. ఏళ్ళ లెక్క ఆ నిప్పుతోనే మొదలవుతుంది. విందాద్ కోసం కూడా వెలిగించారని మాత్రం మాకు తోచలేదు. దానికి ఈ ఆదుర్మాహ్‌ను పూజారిగా పెట్టారు.

"రాజు పోతే నిప్పుని ఎలా చల్లార్చాలో పద్ధతి ఉందండీ. బతికున్నవాడు రాజు కాకుండా పోతే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. కొత్త రాజు నిప్పుకి ఆ పీఠమే కావాలన్నారు. దీన్ని తియ్యమన్నారు. ఆర్పమంటారా అని మా పెద్దాయన్ని అడిగాను. ఆర్పమని నేను చెప్పలేదు, ఉంచమనీ చెప్పలేదు, పో అన్నారు. నేను ఇంకెక్కడికి పోను?"

"ఊళ్ళో గుడి ఉంది కదా, అక్కడ ఇవ్వకపోయావా?"

"ముందు అక్కడికే వెళ్ళాను. తలుపు సందులోంచి మాట్లాడారు."

అతని చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఇంట్లోకి రమ్మన్నాను. ఎండుద్రాక్ష జాడీలు పెట్టే కొట్టుకు కిటికీ లేదు. జాడీలు బయటపెట్టి, నేల అలికి, పాత్రను అక్కడ పెట్టించాను. అతను తన సంచిలో మిగిలిన గంధపు చెక్క ముక్క ఒకటి వేశాడు. ఇల్లంతా రాజుగారి ఇంటి వాసన వచ్చింది. విందాద్ పెరటి గుమ్మం దాకా వచ్చి, ఆ వాసన పీల్చి, లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆదుర్మాహ్ రోజుకు అయిదు వేళలా కొట్టులోకి వెళ్ళి ప్రార్థించి, ఎండిన దానిమ్మ కట్టెలు వేసేవాడు. మాకు బరువనిపించలేదు. ఇంట్లో ఒక దేవుడి నిప్పు ఉండటం పుణ్యమే కదా అనుకున్నాను.

మిహ్ర్ దేవుడి పండుగకు ముందు మా ఆయన అక్రోట్లు అమ్మడానికి కిందున్న సంతకు వెళ్ళాడు. మధ్యాహ్నానికే తిరిగి వచ్చేశాడు. బస్తాలు దింపలేదు, ముందు తలుపు వేశాడు.

"మిహ్రక్ కనిపించాడు" అన్నాడు. మిహ్రక్ మా జిల్లాలో రాజుగారి సైనికాధికారి. మా ఆయనతో కలిసి వేటకు వెళ్ళిన మనిషి, చెడ్డవాడు కాదు. "నిప్పు మనింట్లో ఉందని తెలిసిపోయింది. ఎవడో కొండమీద గొర్రెలు కాసేవాడు ఇది విందాద్ రాజుగారి మొదటి ఏడు అన్నాడట, వాణ్ణి కొట్టారు. నిప్పు వెలుగుతున్నంత కాలం ఆ రాజు ఏడు నడుస్తున్నట్టే అంటున్నారు పైన. పండుగ దాటగానే మిహ్రక్‌ని ఇక్కడికి పంపుతున్నారు. 'నేను వచ్చేసరికి మీ ఇంట్లో రాజు ఉండకూడదు బుర్జక్, ఉంటే ఈసారి చెవితో పోదు' అన్నాడు. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు."

"చెవి లేనివాడు రాజు కాలేడని వాళ్ళేగా కోశారు?" అన్నాను.

"అవును."

"మరి నిప్పుంటే రాజెలా అవుతాడు?"

"నన్నడుగుతావేమే? నేను కోశానా?"

అందరం పెరట్లో కూర్చున్నాం. ఆదుర్మాహ్‌ను కూడా పిలిచాం. విందాద్ ఒక పక్కన కూర్చుని అక్రోట్లు పగలగొడుతున్నాడు. మాట్లాడుతున్నది తన ప్రాణం గురించని వాడికి తెలుసు. కాయ మీద రాయి పడే చప్పుడు ఎక్కడా తడబడలేదు.

"ఒక చెంబుడు నీళ్ళు చాలు. ఆలోచించేదేముంది?" అన్నాడు మా ఆయన.

ఆదుర్మాహ్ లేచి నిలబడ్డాడు. "నిప్పు ఓర్మజ్ద్ కొడుకు. నీళ్ళు పోసి చంపుతారా? నీళ్ళకీ పాపం, నిప్పుకీ పాపం. ముందు నన్ను చంపండి."

"నిన్ను చంపితే ఆ పాత్ర ఎవరు మోస్తారు, కూర్చో బాబూ" అంది మా అత్త. "ఒరే బుర్జక్, నీళ్ళెందుకురా? కట్టెలు వెయ్యడం మానేస్తే సరి. అదే పోతుంది. మనం ఏమీ చెయ్యనట్టే."

"పసిబిడ్డకి పాలివ్వడం మానేసి, మేమేం చెయ్యలేదంటే ఒప్పుకుంటారా అమ్మమ్మా?" అన్నాడు ఆదుర్మాహ్.

మా అత్త అటు తిరిగి కూర్చుంది.

"అయితే నువ్వే తీసుకుని ఎక్కడికైనా వెళ్ళు" అన్నాడు మా ఆయన. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్ళినా ఈయన పేరిట నిప్పే అండీ. అక్కడ వెలిగినా ఇక్కడ ఈయన్నే చంపుతారు."

అది నిజమే. నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అప్పుడు అడిగాను.

"అయ్యవారూ, చెవి కోస్తే ఫర్ర పోయిందన్నారు. అది మాంసంలో ఉంటుందా?"

"మాంసంలో ఉండదమ్మా. తేజస్సు కదా."

"మరి మాంసం కోస్తే ఎలా పోయింది?"

"పెద్దలు..." అని ఆగాడు. మసిబారిన గుడ్డ సర్దుకున్నాడు. "నాకు అంత చదువు రాలేదమ్మా. నిప్పు చూసుకోవడం ఒక్కటే నేర్పారు."

"సరే, నిప్పు గురించే చెప్పండి. మా పొయ్యిలోదీ ఓర్మజ్ద్ కొడుకేనా?"

"అదీ ఆయన కొడుకే. అన్నీ ఆయన కొడుకులే."

"మరి దానికీ దీనికీ తేడా ఏమిటి?"

"పొయ్యి నిప్పు పని చేస్తుంది. రాజు నిప్పు పని చెయ్యదు. పీఠం మీద కూర్చుంటుంది, అంతే."

"మా ఆయనలాగా" అంది మా అత్త, పోయిన మామగారిని తలుచుకుని.

"పీఠం మీద కూర్చున్నది ఒకసారి పనిలోకి దిగితే?"

ఆదుర్మాహ్ నా వైపు చూశాడు. నేను ఎటు వెళ్తున్నానో అతనికి అర్థమైంది. నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

"మళ్ళీ పీఠం ఎక్కదు" అన్నాడు నెమ్మదిగా. "దాన్నుంచి అంటించి అంటించి శుద్ధి చేస్తే వేరే నిప్పు వస్తుంది. ఇదైతే ఇక కాదు."

"అంటే చావదు. రాజు నిప్పు మాత్రం కాకుండా పోతుంది."

"అమ్మా, ఆ మాట నన్నడక్కండి."

"పాపమా?"

"పాపమని నేనెక్కడా వినలేదు. ఎవరూ చెయ్యలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. రాజు నిప్పు మీద రొట్టె కాల్చుకుందామని ఎవరికి తోస్తుంది?"

మా ఆయన తల అడ్డంగా ఊపాడు, అది వద్దన్నట్టో, నమ్మలేనట్టో. అప్పుడు నేను విందాద్‌ని అడిగాను. వాడి పేరిట వెలిగిన నిప్పు. వాడి తల.

"నువ్వేమంటావు నాన్నా?"

వాడు పగిలిన కాయలోంచి పప్పు తీసి గిన్నెలో వేశాడు.

"నాకు అక్కడ చలేసేది. దాని దగ్గర కాసేపు కూర్చుంటానని అడిగాను. నా ఊపిరి తగిలితే మైల పడుతుందన్నారు. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదమ్మా. మీ ఇష్టం."

వాడు ఇంకో కాయ అందుకున్నాడు.

అయినా ఆ నిప్పును పొయ్యిలోకి దించే పని వెంటనే చెయ్యలేకపోయాను. పండుగ వచ్చింది, వెళ్ళింది. రోజూ పిండి కలిపేటప్పుడు ఈ రోజు అనుకునేదాన్ని, మళ్ళీ మామూలు పొయ్యే వెలిగించేదాన్ని. ఎక్కడో ఒక మూల నాకు ఆశ ఉండేదేమో. పెద్దవాళ్ళు చెప్పింది నిజమై, ఆ నిప్పులో నిజంగా ఏదో ఉండి, అదే మా వాణ్ణి కాపాడుతుందని. ఒకప్పుడు ఒక మామూలు ఇంటి పొయ్యిలోకి ఆకాశం నుంచి ఫర్ర దిగి, కట్టెలు లేకుండానే మండిందని చెబుతారు. ఒకరోజు ఆదుర్మాహ్ ఆరుబయట ఉన్నప్పుడు కొట్టులోకి వెళ్ళి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కట్టె తరిగిపోతోంది. కింద బూడిద పెరుగుతోంది. అది నిప్పులాగే ఉంది.

చివరికి ఒక పొద్దున మా ఆయన తోట గోడ ఎక్కి కేకేశాడు. "కింద మలుపు దగ్గర గుర్రాలు! మిహ్రకే!"

మలుపు నుంచి మా ఇంటికి ఎక్కుడు దారి, గుర్రాలైనా మెల్లగా రావాలి. పిండి అప్పటికే పొంగి ఉంది. చేతులు కడుక్కున్నాను. నడుంతాడు విప్పి, ప్రార్థన చెప్పుకుని, మళ్ళీ కట్టుకున్నాను. పొయ్యిలో పాత బూడిద తోడేసి, కొత్త పుల్లలు పేర్చి, పట్టకారు తీసుకుని కొట్టులోకి వెళ్ళాను.

ఆదుర్మాహ్ లోపలే ఉన్నాడు. ఆపలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అన్నీ తీసెయ్యండమ్మా" అన్నాడు గోడకేసి. "సగం ఉంచకండి. ఒక్క నిప్పుకణిక మిగిలినా అది రాజుగారే."

పాత్రలోని నిప్పులన్నీ ఒక్కొక్కటిగా తీసి, మూకుట్లో వేసుకుని పెరట్లోకి తెచ్చాను. ఎండ పడింది. ఏదైనా జరుగుతుందేమోనని ఆగి చూశాను. ఎండలో నిప్పు రంగు వెలిసినట్టు కనపడింది. అంతే. పొయ్యిలో వేసి ఊదాను. నా ఊపిరే తగిలింది. మండింది. గుంటపొయ్యి లోపలి గోడలు కాగాక వాటికి రొట్టె చరిచి అంటించాను. మొదటిది సరిగా అంటక నిప్పుల్లో పడి మాడిపోయింది. రెండోది నిలిచింది. గంధం ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నట్టుంది, పెరడంతా ఆ వాసనా బార్లీ వాసనా కలిసి వచ్చింది.

మూడో రొట్టె చరిచాను.

మిహ్రక్ ఇద్దరు సైనికులతో పెరట్లోకి వచ్చాడు. ముందు విందాద్‌ను చూశాడు, వాడు లేచి నిలబడ్డాడు. మిహ్రక్ తలవంచబోయి, సగంలో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. మెడ పట్టేసినట్టు చేత్తో తడుముకున్నాడు.

"నిప్పెక్కడ వదినా?" అన్నాడు నాతో.

"ఇదిగో."

"ఇది పొయ్యి."

"అవును."

"నేనడిగేది కొట్టులో ఉన్న నిప్పు."

"అదే ఇది."

సైనికుల్లో ఒకడు కొట్టులోకి వెళ్ళి ఖాళీ పాత్ర తెచ్చి బోర్లించి చూపించాడు. బూడిద రాలింది. మిహ్రక్ పొయ్యి మీదికి వంగి, లోపల కాలుతున్న రొట్టెల్నీ, కింద నిప్పుల్నీ చాలాసేపు చూశాడు.

"పూజారీ, ఇది రాజు నిప్పేనా? ప్రమాణం చేసి చెప్పు."

ఆదుర్మాహ్ ముఖానికి కట్టుకున్న గుడ్డ లేదు. ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. గుడ్డ లేకుండా అతని ముఖం నేను చూడటం అదే మొదటిసారి. పలచటి గడ్డం.

"పొద్దున రాజు నిప్పే. ఇప్పుడు దీని మీద వంట చేశారు. కడుపు కోసం పనిచేసిన నిప్పు ఇక పీఠం ఎక్కదు. దీని పేరుతో ఏళ్ళు లెక్కించకూడదు."

"ఆర్పలేదు కదా?"

"లేదు. బతికే ఉంది."

మిహ్రక్ ఊపిరి వదిలాడు. అప్పటిదాకా అతను కూడా బిగబట్టుకుని ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. నుదురు తుడుచుకుని, "ఈ మాట నేనక్కడ ఎలా చెప్పను? రాజు నిప్పుని రొట్టెలు తినేశాయనా?" అన్నాడు. ఒక సైనికుడు నవ్వి, వెంటనే ఆపేశాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు నాయనా" అంది మా అత్త. "నమ్మకపోతే ఒక రొట్టె పట్టుకెళ్ళు."

"చెబుతాను" అన్నాడు మిహ్రక్. "ఈ ఇంట్లో రాజు లేడు. నా కళ్ళతో చూశాను." కత్తి ఒరను సర్దుకున్నాడు గాని కదల్లేదు. ఇంకా ఏదో ఉంది. మా ఆయన వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంకొక్కటి బుర్జక్. భోజనం ముందు ప్రార్థనలో రాజుగా ఎవరి పేరు చెబుతున్నారో కూడా విని రమ్మన్నారు. అందరూ చెప్పాలి. అతను కూడా."

విందాద్ రాజధానికి వెళ్ళినప్పటి నుంచి మేము ప్రార్థనలో ఆ చోట వాడి పేరే చెప్పేవాళ్ళం. వచ్చాక ఏ పేరూ చెప్పకుండా దాటేస్తున్నాం.

రొట్టెలు తీసి, గుడ్డ పరిచి, పెరుగూ అక్రోటు పప్పూ పెట్టాను. మిహ్రక్ కూడా మాతో కూర్చున్నాడు. అందరం కళ్ళు దించుకున్నాం. మా ఆయన మొదలుపెట్టాడు. ఓర్మజ్ద్‌కు స్తుతి, అన్నానికి స్తుతి, తర్వాత రాజు పేరు వచ్చే చోట ఒక్క క్షణం ఆగి, కొత్త రాజు పేరు చెప్పాడు. ఆయన ఫర్ర పెరగాలి, ఆయన ఏళ్ళు పెరగాలి. మా అత్త చెప్పింది. ఆదుర్మాహ్ చెప్పాడు. నేను చెప్పాను. నోట్లోంచి మాట తేలిగ్గానే వచ్చింది. ఆయనకు ఫర్ర ఉంటే నా ప్రార్థనతో పెరిగేదేముంది, లేకపోతే ఎక్కడి నుంచి వస్తుంది అని మాత్రం అనిపించింది.

విందాద్ అందరికంటే స్పష్టంగా చెప్పాడు. ఎక్కడా తొట్రుపడలేదు. తల కదలలేదు. అక్కడ వాడికి నేర్పినట్టే, నిటారుగా, ఎదురుగా చూస్తూ చెప్పాడు. మిహ్రక్ చూపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత మా ఆచారం ప్రకారం భోజనం అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. విందాద్ రొట్టె తుంచి పెరుగులో ముంచాడు, ఒక్క క్షణం వాసన చూశాడు, తిన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. కొండ మీంచి గాలి దిగింది. వాడు నములుతూనే కుడి చెయ్యి ఎత్తి, చెవి ఉండే చోట అరచేతితో మూసుకున్నాడు. అలాగే మూసుకుని తినడం పూర్తి చేశాడు.